తప్పు దొరికినా లేవొద్దు

డిస్కు చచ్చిపోయిందని తేల్చడానికి ఆ కంప్యూటర్ మెకానిక్‌కు చేతిలో చాయ్ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. మూత విప్పి చూడనైనా లేదు. "హార్డ్ డిస్క్ పోయింది అంకుల్, కొత్తది వేసుకోండి" అని మెడలో టై సర్దుకుని వెళ్లిపోయాడు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల చివర్లో నాంపల్లి స్టేషన్ రోడ్డులో నాకో డీటీపీ దుకాణం, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి పేజీలు తయారుచేసే దుకాణం, ఉండేది. అంతకుముందు అఫ్జల్‌గంజ్‌లో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చేవాణ్ణి. బడి నాకు పెద్దగా తెలియదు. తెలుగైనా, ఇంగ్లిషైనా ప్రూఫులు దిద్దుతూ నేర్చుకున్నదే.

ఆ డిస్కులో ఒక టీచరమ్మ పుస్తకం ఉంది. మెదక్ మిషన్ బడిలో ముసలితనం దాకా పాఠాలు చెప్పిన మనిషి. చూపు బాగా తగ్గింది. ఆమె రాసి తెచ్చిన కాగితాల్లో ఉన్నది సగమే. మిగతా సగం సికింద్రాబాద్ నుంచి బస్సులో వచ్చి, నా పక్కన కూర్చుని చెబుతుంటే నేను నేరుగా టైపు చేశాను. మళ్లీ మొదటినుంచి చెప్పే ఓపిక ఆమెకు లేదు. ఫ్లాపీలో దాచుకోలేదా అంటారేమో, దాచాను, అదీ తెరుచుకోలేదు. ఆ రోజుల ఫ్లాపీలు ఎలా మోసం చేసేవో వాడినవాళ్లకు తెలుసు.

పక్క దుకాణం ఆయనా నాతోపాటు ఆ ప్రెస్సులో పనిచేసినవాడే. ఇద్దరం ఒకేచోట, ఒకే రకం కంప్యూటర్లు కొనుక్కున్నాం. నా అరుపులు విని వచ్చాడు.

"ఏందన్నా, అబిడ్స్ దాకా వినిపిస్తున్నవ్!"

సంగతి చెప్పాను. కంప్యూటర్ లేవగానే ఒక కీ నొక్కితే నీలం తెర వస్తుంది. లోపల ఏ భాగాలున్నాయో, వేటిని వాడుకోవాలో మదర్‌బోర్డుకు చెప్పే ఏర్పాట్లన్నీ అక్కడే ఉంటాయి. ముందురోజు సాయంత్రం సీడీ డ్రైవ్ బిగించడానికి వచ్చినప్పుడు ఆ టై మనిషి అందులో ఏవేవో మార్చడం నేను చూశాను.

"నాకు గదంత సమజ్ కాదు" అన్నాడు పక్కాయన. "కానీ నాది నడుస్తున్నది, నీది నడుస్తలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి ప్రూఫ్ చూద్దాం."

తన దుకాణంలో పెళ్లికార్డుల కోసం కూర్చున్న వాళ్లను మళ్లీ రమ్మని పంపించేసి, తన కంప్యూటర్‌ను మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. ప్రెస్సులో చేసినట్టే మొదలుపెట్టాం. అతను తన తెర మీదిది ఒక్కో వరుసా పైకి చదివాడు. నేను నా తెర మీద వేలు పెట్టి "ఔ" అంటూ పోయాను. మొదటి పేజీలోనే దొరికింది. డిస్కు వరుసలో అతనికి, డిస్కును తానే వెతుక్కునేలా, 'ఆటో' అని ఉంది. నాకు ఏ డిస్కూ లేదన్నట్టు 'నన్' అని ఉంది. దాన్ని మార్చి, చాలించి లేవబోయాను.

"కూసో! ఒక్క తప్పు దొరకంగనే లేస్తవా? గిందుకేనా నిన్ను ప్రెస్సుల మేనేజరు తిట్టేటోడు?"

"నన్ను కాదు, నిన్ను."

"సరే, ఇద్దర్ని. కూసో."

చివరి పేజీల్లో ఇంకొకటి బయటపడింది. డిస్కు వైరు తగిలించే దారే మూసేసి ఉంది. అతనికి 'ఎనేబుల్డ్', నాకు 'డిసేబుల్డ్'. మొదటిది మార్చుకుని లేచిపోయి ఉంటే డిస్కు అప్పటికీ కనిపించేది కాదు. నేనేమో కోపంలో ఆ టై మనిషి మాటే నిజమనుకుని దాన్ని విప్పి పారేసేవాణ్ణి. అది ఖాయం.

రెండూ సరిచేసి, సేవ్ చేసి, మళ్లీ ఆన్ చేశాం. డిస్కు గుర్రుమంది. టీచరమ్మ పుస్తకం తెరుచుకుంది. తర్వాత అతను తన మానిటర్ ఎత్తుకుంటూ, "జర తలుపు పట్టుకో" అన్నాడు, అంతే.

మర్నాడు టీచరమ్మ వచ్చి కూర్చుని, "ఎక్కడ ఆపినం నాయనా?" అంది. చదివి వినిపించాను. జరిగిందేదీ చెప్పలేదు.

పుస్తకం అచ్చుకు పోయేముందు ముందుమాటలో నీ పేరు వేయిస్తానంటే పక్కాయన ఒప్పుకోలేదు. బైండింగ్ నుంచి వచ్చిన మొదటి కాపీ అతని చేతిలో పెట్టాను. నాలుగు రోజులకు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. అచ్చుతప్పుల కింద పెన్సిల్ గీతలు, చివరి పేజీ దాకా.

ఆ కాపీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.