కుక్కపిల్లకు నువ్వుల నూనె

మ్యూనిక్‌లో మేము తెచ్చుకున్న కుక్కపిల్లకు రొమ్ము లోపలికి గుంటపడి ఉండేది. వెల్లకిలా పడుకోబెడితే ఆ గుంటలో నా బొటనవేలు పట్టేది. నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసపడి కూలబడేది. రొమ్ము ఎముక గుండెను నొక్కేస్తోందని, ఎముకలు ముదరకముందే సరిచేయాలని పశువుల డాక్టరమ్మ చెప్పి, ఆపరేషన్‌కు సోమవారం రమ్మని టెర్మిన్ ఇచ్చింది.

అప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. కుక్క తగిలితే మళ్ళీ స్నానం చేసే మనిషి. అలాంటిది, ఎముకలు ఇంకా లేతగా ఉన్నాయన్న మాట చెవిన పడగానే ఆవిడకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది.

ఆదివారం నేను బయటికెళ్ళి వచ్చేసరికి అమ్మ బాత్రూంలో కాళ్ళు బారచాపి కూర్చుంది. పసిపిల్లలకు నీళ్ళు పోసేటట్టు కుక్కపిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఒంటినిండా నువ్వుల నూనె పట్టించి, పక్కటెముకలను అటూ ఇటూ మెల్లగా నొక్కుతోంది.

"అమ్మా! ఏం చేస్తున్నావ్?"

"అరవమాకే, జడుసుకుంటాడు. పుట్టినప్పుడు నీ ముక్కు చప్పిడిగా ఉండేది. ఇట్టా నొక్కీ నొక్కీ నేనే నిలబెట్టా."

నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. అద్దం ముందు ముక్కు తడిమి చూసుకున్న మాట కూడా నిజమే.

మర్నాడు క్లినిక్‌లో రెండుసార్లు షాంపూతో కడిగినా జిడ్డు వదల్లేదు. సంగతి విని డాక్టరమ్మ నవ్వింది. "గుంట చిన్నదైతే మేమూ పక్కల నుంచి నొక్కమనే చెప్తాం. దీనికి అది చాలదు" అంది. గట్టి ప్లాస్టిక్‌ను దోనెలా వంచి రొమ్ము కింద పెట్టి, ఎముక చుట్టూ దారాలు పోనిచ్చి, కిందికి లాగి దానికి కడతారట. సూది గుండె పక్కనుంచే పోవాలి.

ఆ మాట అమ్మకు తెలుగులో చెప్పి ఉండాల్సింది కాదు. బయట కూర్చున్నంతసేపూ చేతులు ఒళ్ళో దాచుకుంది. "నేను నొక్కినందుకు దానికేం కాలేదు కదే?" అని పదే పదే అడిగింది. పొద్దున్న కూడా ఆవిడను విసుక్కున్నాను. ఇప్పుడు జాలేసి, పక్కన చేరి ఆ చేతులు పట్టుకున్నాను.

అంతా బాగానే జరిగింది. తిరుగు ప్రయాణంలో, యూ-బాన్ రైల్లో, మత్తు దిగని కుక్కపిల్లను అమ్మ ఒళ్ళో పెట్టుకుంది. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

"ఉండవే, ఊపిరి చూస్తున్నా. ఆయాసం లేదు చూడు."

మా స్టేషన్ వచ్చింది. నేను లేచాను. అమ్మ లేవలేదు.

"ఇప్పుడే హాయిగా నిద్రపట్టింది బంగారానికి. కాసేపు కూర్చోవే" అంది.

తలుపులు మూసుకున్నాయి. నేను వచ్చి పక్కన కూర్చున్నాను.