టేసనుకెళ్ళొచ్చే అత్త

మంగళవారం పొద్దున్నే తమ్ముడు సైకిల్ మీద వచ్చి, "అక్కా, అత్త పోనాది" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. ఆదివారం మా అమ్మాయిని చూడ్డానికి వస్తున్న పెళ్ళివారు గుర్తొచ్చారు. ఈసారి అత్తని ఎక్కడికీ పంపక్కర్లేదు అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఆవిడ మా నాన్నకి తోడబుట్టిన చెల్లెలు. చిన్నప్పటినుంచీ ఆవిడ నుదురు, దవడలు, ముక్కు పక్క ఎముకలు పెరుగుతూనే ఉండేవి. కళ్ళజోడు కాడలు చెవులదాకా అందక నాడాతో కట్టుకునేది. ఇది ఎక్కడో ఒకరికి పుట్టుకతో వచ్చే ఎముకల జబ్బు, అంటుకోదు, మందూ లేదు అని డాక్టరుగారు చెప్పారు. మావాళ్ళు అందులో 'పుట్టుకతో' అన్న ముక్కొక్కటే పట్టుకున్నారు. వంశంలో ఉందంటే పిల్లలకి సంబంధాలెలా వస్తాయని వాళ్ళ భయం.

అత్తకి మాత్రం తన తలమీద తనకే వేళాకోళం. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టరు గుమ్మం తలకి తగిలినప్పుడల్లా, "నాకేటీ కాలేదు, ముందల గుమ్మాన్ని సూడండర్రా" అనేది.

మావైపు చుట్టాలు కలకత్తా వెళ్తూ ఖరగ్‌పూర్ మీదుగా పోతుంటే, బండి ఆగిన కాసేపట్లో వాళ్ళకి కారియర్‌తో అన్నం అందించడం మా రైల్వేవాళ్ళ అలవాటు. నా పెళ్ళిచూపుల రోజు అత్త కారియర్ సర్దుకుంది.

"వొదినా, మెయిల్లో మనోలెవులో ఎల్తన్నారట. నాను టేసనుకెల్లొస్తాను."

ఆ బండిలో మావాళ్ళెవరూ లేరని అమ్మకి తెలుసు. నాకూ తెలుసు. "ఎండగున్నాది, గొడుగట్టుకెల్లు" అంది అమ్మ, అంతే.

సాయంత్రం ఖాళీ కారియర్‌తో తిరిగొచ్చింది. "తెలుగోలెవులైనా ఉన్నారా?" అని పెట్టెల వెంట అరుచుకుంటూ పోయిందట. ఓ ముసలాయన ముందు మొహం తిప్పుకున్నాడట, తర్వాత చెయ్యి చాపాడట. "ఆకలేసినోడు గిన్ని సూస్తాడు గానీ మొకం సూడడమ్మా" అని నవ్వింది. నా సంబంధం కుదిరింది. చెల్లెలి చూపులకీ అలాగే వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు.

చివరి ఏళ్ళలో ఎముక పెరిగి వినికిడి పోయింది. మాది ఝపటాపూర్‌లో ఇరుకు వాటా, అందుకని అమ్మాయి చూపులు తమ్ముడి క్వార్టర్లో పెట్టుకుందామనుకున్నాం. అత్త ఉండేదీ అక్కడే. ఆ సంగతి పోయినవారం అత్త పక్కనే కూర్చుని మరదలితో మాట్లాడాను. ఆవిడకి వినపడదు కదా అని ధైర్యం.

మైల కాబట్టి పెళ్ళివారిని ఆపాలి. "దూరపు చుట్టం పోయారు" అని కబురు పంపించాం. అలా చెప్పమన్నది నేనే. చచ్చిపోయాక కూడా ఆవిడని టేసనుకి తోలేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ దూరపు చుట్టం కాదు. నా మేనత్త, నాకు జడలేసి పెంచిన మనిషి. మా ఊరి తెలుగువాళ్ళు వేసుకునే ఈ పత్రిక పెళ్ళివారింటికీ వెళ్తుంది. చదువుకోనీ.

దహనమయ్యాక ఆ సాయంత్రం తమ్ముడి వంటింట్లోకి వెళ్ళాను. గట్టుమీద అత్త కారియర్ ఉంది. తళతళా తోమి, పిడికి కొత్త గుడ్డపేలిక చుట్టి ఉంది.

"ఇదెవులు తీసినారు?" అన్నాను.

"అత్తే వొదినా," అంది మరదలు. "నిన్న తోమినాది. ఆదోరం టేసనుకెల్లాలన్నాది."