నాలుగో రోజు స్నానం

నేను అయిదో తరగతి దాకానే చదివేనండి. ఇలా కాయితం మీద రాయడం ఇదే మొదలు. మా అత్తయ్యగారి సంగతి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరని కూర్చున్నాను.

పెద్ద తుఫానుకి మా లంకలో కొబ్బరిచెట్లు సగం పడిపోయిన మరుసటేడు. అత్తయ్యగారికి ముట్లాగిపోయి అప్పటికి ఆరేడేళ్ళు. ఓ రోజు పొద్దున్నే వసారాలోంచి పిలిచి, "అమ్మాయ్, నేను బయటున్నానే. ముట్టుకోకు" అన్నారు. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

మా ఇంట్లో ఆ మూడు రోజులూ వసారాలో చాప మీదే. కంచం వేరు, చెంబు వేరు. నాలుగో రోజు తలకి పోసుకున్నాకే లోపలికి. నాకైనా అంతే, ఆవిడకైనా అంతే.

ఎదురింటి పిన్నిగారు చూసి ఒకటే నవ్వు. "ఏమే అక్కా, మళ్ళీ పడుచుపిల్లవైపోయేవా! మా బావగారికి చెప్పేవా?"

"పోవే, నీ నోట్లో మన్నుపడ! మీ బావగారికి చెవుడు కాబట్టి బతికేను."

మనిషి గట్టిది, వయసు తిరిగొచ్చిందనే అనుకున్నాం అందరం. నాలుగో రోజు వచ్చింది. రక్తం ఆగలేదు. ఆగందే స్నానం లేదు. ఆవిడ వసారాలోనే కొబ్బరాకులు ముందేసుకుని చీపుళ్ళకి ఈనెలు తీస్తా కూర్చునేవారు. అలా రెండు నెలలు. గుడ్డలు ఆవిడే ఉతుక్కునేవారు, నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. నడుం లాగేస్తోందనేవారు.

అప్పుడు ఆటోలో మైకు వచ్చింది. ఆడవాళ్ళకి క్యాన్సర్ పరీక్షంట, డబ్బులక్కర్లేదంట, అమలాపురం నుంచి డాక్టరమ్మలొస్తారంట, రామాలయం మండపంలో. బహిష్టులో ఉన్నవాళ్ళు మాత్రం ఈసారికి రావద్దని కూడా చెప్పేరు.

అత్తయ్యగారు ఈనెలు తీయడం ఆపి విన్నారు. "నన్నూ చూపించవే అమ్మాయ్. ఇదేదో మంచిగా లేదు" అన్నారు. ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదొక్కసారే. అంతలోనే మళ్ళీ ఆవిడే, "అయినా బయటున్నదాన్ని, గుడి మెట్లెలా ఎక్కుతానులే" అన్నారు.

నేను వెళ్ళేను. మెట్ల దగ్గర పేర్లు రాసుకుంటున్న ఆవిడని అడిగేను.

"బయటున్నవాళ్ళని చూడరాండీ?"

"చూడరండి. ముట్టులో పరీక్ష సరిగా రాదు. పైగా ఇది గుడి. తగ్గేక, వచ్చే క్యాంపుకి తీసుకురండి."

"ఆయ్" అన్నాను. ఎవరికని, వయసెంతని ఆవిడ అడగలేదు. అది చెప్పాల్సిన మాటని నాకు తెలీదు. నాకు పరీక్ష చేసేరు. ఏమీ లేదని తర్వాత కబురొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే "సరేలే, తగ్గేకే వెళ్దాం" అన్నారు. తగ్గలేదు. క్యాంపు మళ్ళీ మా ఊరు రాలేదు.

ఒళ్ళంతా పాలిపోయి, ఓ పొద్దున్న కళ్ళు తిరిగి పడిపోతే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేం. డాక్టరమ్మ చూసి క్యాన్సరని చెప్పేరు. "ముట్లాగిపోయేక ఒక్క చుక్క కనపడినా అది ముట్టు కాదమ్మా. ఆ రోజే రావాలి. ఇప్పుడు బాగా ముదిరిపోయింది" అన్నారు.

బస్సులో అత్తయ్యగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. రావులపాలెం దాటేక అడిగేరు.

"ముట్టు కాదంటే, మరి నన్నెందుకే ఇన్నాళ్ళూ బయట కూర్చోబెట్టేరు?"



ఇంటికొచ్చేక మావయ్యగారు గుమ్మంలో నిలబడి, "లోపలికి రావే, ఏం పర్లేదు" అన్నారు. ఆవిడ గడప దాకా వచ్చేరు. లోపల దేవుడి పటాల వైపు చూసేరు. ఆయనకి వినపడదని తల మీద చెయ్యి పెట్టి చూపించి, "నీళ్ళు పోసుకోలేదండీ" అని మళ్ళీ చాప మీదకి వెళ్ళిపోయేరు. ఎంత బతిమాలినా రాలేదు.

మామిడి పూతకొచ్చే నాటికి పోయేరు.

పిన్నిగారూ నేనూ కలిసి నీళ్ళు పోసేం. కుంకుడురసంతో తల రుద్దేను. జుట్టు అట్టకట్టేసి ఎంతకీ విడలేదు. పిన్నిగారు చెంబు పట్టుకుని, "అక్కా, నాలుగో రోజొచ్చిందే, లేవే" అని ఏడ్చేరు. ఇంక స్నానమైంది కదా, ఒక్కసారి లోపల పడుకోబెడదామన్నాను నేను. పోయినవాళ్ళని లోపలికి తీసుకెళ్ళకూడదన్నారు పెద్దవాళ్ళు.

వసారాలోంచే తీసుకెళ్ళిపోయేరు.