ఇస్రాయేలు పైపుకు చిక్కిన కన్నడం

మా ఆత్మకూర్ గల్లీలో ఏ పొయ్యి మీద ఏ కూర ఉడుకుతుందో గడప దాటకుండానే చెప్పగలను. చదివింది ఐదో తరగతే అయినా, మనుషుల్ని చదవడంలో నన్ను మించినవాళ్లు ఈ వాడకట్టులో లేరు. అలాంటి నాకు చాలాకాలం అంతుచిక్కని మనిషి ఇస్రాయేలు.

అతను రైస్‌మిల్లులో రాత్రి కాపలా కాసేవాడు. మా ఎదురింటి గులాబ్‌బీ మిద్దె మీది గదిలో కిరాయికి ఉండేవాడు. భార్య పోయింది. కూతురు స్వర్ణ గద్వాల దవాఖానలో నర్సు. ఒంటి మగవాడు, పైగా మాట తక్కువ. ఎక్కువ మాట్లాడేవాడు ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు, మాట్లాడనివాడు ఏం దాస్తున్నాడో దేవుడికే తెలియాలి. అందుకే అతని మీద నా కన్ను ఎప్పుడూ ఉండేది.

తెలంగాణ వచ్చిన ఏడాది చలికాలంలో అతను మిద్దె మీద ఒక పాత బోరు పైపు నిలబెట్టి, దాని కొసకు అంటెనా కట్టాడు. అప్పటికి మా గల్లీలో అందరం పరశురాం దగ్గర కేబుల్ తీసుకున్నాం. మా ఇంటి పాత అంటెనా మీద చిక్కుడు తీగ కూడా పాకించాను. లోకమంతా పీకి పారేసినదాన్ని ఒక్కడు కొత్తగా నిలబెడుతున్నాడంటే ఏదో లేకుండా ఉంటుందా?

పొద్దున్నే మిల్లు నుంచి వచ్చి, చాయ్ కూడా తాగకుండా మిద్దె ఎక్కేవాడు. పైపును రెండు చేతులా పట్టుకుని కొంచెం తిప్పేవాడు, గదిలోకి పోయి టీవీ చూసేవాడు, మళ్లీ వచ్చి ఇంకొంచెం తిప్పేవాడు. కొన్ని రోజులు ముఖం వెలిగిపోయి కిందికి దిగేవాడు. కొన్ని రోజులు మూతి ముడుచుకుని పడుకునేవాడు. నేను వాకిలి ఊడుస్తూ కనిపెట్టిందేమిటంటే, ముఖం వెలిగే రోజులన్నీ మంచు రోజులే. జూరాల దిక్కు నుంచి మంచు కమ్మి, ఆకు కదలక, నీళ్ల పొయ్యిల పొగ పైకి పోకుండా మిద్దెల మీదే పరుచుకుని ఉన్న రోజులు. గాలి వీచిందంటే అతని ముఖం వాడిపోయేది. మంచు చూసి చేసే పని ఏముంటుంది? నాకు తెలిసి ఒక్కటే, దొంగతనం.

దానికి తోడు, సరిగ్గా ఆ మంచు రోజుల్లోనే మా అందరి టీవీల్లో బొమ్మ చెదిరిపోయేది. పరశురాం దగ్గరికి పోయి నిలదీశాను.

"పైసలు తీసుకుంటవు గని, బొమ్మేదిరా?"

"నన్నెందుకు తిడుతవు పెద్దమ్మా? గా పైపును అడుగు. అది అంటెనా గాదు, కొండీ. మన లైన్ల బొమ్మను గాలిలకెల్లి గుంజుకుంటున్నడు."

ఆ మాట నాకే కాదు, గల్లీ అంతటికీ సరిగ్గా అతికింది. ఎందుకంటే మాది కరెంటు తీగలకు కొండీలు తగిలించి మోటర్లు నడిపిన ఊరు. పక్కవాడు కొండీ వేస్తే మన బల్బు గుడ్డిదవుతుందని ఇక్కడ పసిపిల్లకు కూడా తెలుసు. అతనికి బొమ్మ బాగుంటే మనకు చెడుతోందంటే ఇంకేం కావాలి?

గులాబ్‌బీ ముక్కు మీద వేలేసుకుంది. "హాయ్ అల్లా! నా మిద్దె మీదికెల్లి చోరీనా?" అని అప్పటికప్పుడే ఇస్రాయేలును కిందికి పిలిచింది. "సచ్ చెప్పు ఇస్రాయేల్! జుమ్మా దాకా చూస్త. చోరీ గాదని చూపిస్తే ఉండు. లేకుంటే సామాన్ సదురుకో."

అతని ముఖం పాలిపోయింది. "బీబమ్మా, ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేస్త. గని దొంగ అని ఖాళీ చేయిస్తే మిల్లుల ఒక్క పూట ఉండనియ్యరు. కాపలావానికి గా ఒక్క మాట చాలదా?"

"మరి పొద్దుపొద్దుగాల ఏం జూస్తవయ్యా?" అన్నాను నేను.

"రాయచూరు టీవీ వస్తదక్కా."

"రాయచూర్ల నీకెవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

"కన్నడం వస్తదా?"

"రాదు."

"చుట్టం లేడు, భాష రాదు. మరెందుకు?"

"గంత దూరంకెల్లి వస్తది గదక్కా" అన్నాడు.

ఇదొక జవాబా? నా అనుమానం రెట్టింపయింది.

మరునాడు పొద్దున్నే నేనూ గులాబ్‌బీ పరశురామూ అతని గదిలో కూర్చున్నాం. బయట ఈదురుగాలి కొడుతోంది. టీవీ నిండా చుక్కలు, చెవులు పగిలే చప్పుడు.

"రాయచూర్ల మనుషులు గిట్లనే ఉంటరా, చుక్కలు చుక్కలు?" అని పరశురాం నవ్వాడు.

"గాలి ఆగాలె" అన్నాడు ఇస్రాయేలు. "కింద సల్లగ పట్టి, పైన జర ఎచ్చగ ఉండాలె. గప్పుడే వస్తది. ఎందుకొస్తదో నాకెరుక లేదు."

"మేం జూస్తె రాదు, నువ్వొక్కనివి జూస్తె వస్తదా? కొత్త పెండ్లికూతురా ఏంది, సిగ్గుపడనీకి?" అన్నాను.

ఆ వారమంతా గాలి ఆగలేదు. అతను మిల్లు నుంచి వచ్చి నిద్ర మానేసి గడపలో కూర్చునేవాడు, ఆకు ఎప్పుడు ఆగుతుందా అని మునగచెట్టు వైపు చూస్తూ. గురువారం సాయంత్రం పెట్టె సర్దుకుంటూ కనిపించాడు. తప్పు చేసినవాడు పెట్టె సర్దుకుంటాడా, వాదిస్తాడా అని నాకు మళ్లీ అనుమానం.

గడువు నాటి శుక్రవారం తెల్లవారి తలుపు తీస్తే ఎదురిల్లు కనపడలేదు. అంత మంచు. మునగాకు ఒక్కటి కదలడం లేదు. నేరుగా పోయి పరశురాం తలుపు బాదాను.

"లే! మా గల్లీ లైను బంద్ పెట్టు."

"పొద్దుగాల్నే ఎందుకు పెద్దమ్మా?"

"అసలు తీగకే కరెంటు లేకుంటే కొండీకి బల్బు వెలుగుతదా? బంద్ పెట్టినంక వాని టీవీల బొమ్మ రాకుంటే వాడు దొంగ. వస్తే నువ్వు అబద్ధాలకోరువి."

గొణుక్కుంటూ వచ్చి మూలమలుపు స్తంభం మీది డబ్బా తెరిచి లైను ఆపాడు. నేను కింద నిలబడి చూశాను. వైర్లు కలిపిన చోట టేపు లేదు, ఏమీ లేదు, మంచునీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. "గిదేందిరా?" అంటే వినపడనట్టు దిగిపోయాడు. ఇళ్లలోంచి అరుపులు మొదలయ్యాయి. అందరి టీవీలూ ఆగిపోయాయి.

గులాబ్‌బీని వెంటబెట్టుకుని మిద్దె ఎక్కాం. ఇస్రాయేలు పైపును కొంచెం తిప్పి టీవీ పెట్టాడు.

ఒకాయన కందిచేనులో నిలబడి కాయను చీల్చి చూపిస్తున్నాడు. కన్నడంలో ఏదో చెబుతున్నాడు. లోపల పురుగు మెదులుతోంది. పురుగు మీది చారలు కూడా కనిపించాయి!

పరశురాం టీవీ వెనక్కి దూరాడు. వైరును చేత్తో తడుముకుంటూ కిటికీలోంచి పైపు కొస దాకా చూశాడు. ఎక్కడా అతుకు దొరకలేదు. ఈలోగా ఎండ పొడిచింది, చిన్నగాలి లేచింది. ముందు పురుగు మాయమైంది, తరువాత కందిచేను, చివరికి ఆ మనిషి.

అందరం గులాబ్‌బీ వైపు చూశాం. ఆమె చుక్కల టీవీని, ఇస్రాయేలును మార్చి మార్చి చూసింది.

"అంటే మన గల్లీది కాదు."

"కాదు బీబమ్మా."

"రాయచూరోళ్లది గుంజుతున్నవు."

"గుంజుడు గాదు, అదే గాలిల..."

నేను అతని చెయ్యి గట్టిగా గిల్లాను. "నోరు మూసుకో" అన్నాను చెవిలో.

"గుంజకుంటే గంత దూరంకెల్లి ఎట్లొస్తది? నాకు చెప్తవా?" అంది గులాబ్‌బీ. "సరే. మనోళ్ల సొమ్ము గాదు గద. రాయచూరోళ్లకు బొమ్మ తక్కువైతే వాళ్లే వచ్చి అడుగుతరు. గప్పటిదాకా ఉండు. పెట్టె ఇప్పు."

దొంగ అన్న మాట మిల్లు దాకా పోలేదు. పరశురాం మాత్రం ఆ మధ్యాహ్నమే స్తంభమెక్కి డబ్బాలో వైర్లకు టేపు చుట్టాడు. ఆ తరువాత మంచు రోజుల్లోనూ మా బొమ్మ చెదరలేదు.

ఇస్రాయేలు ఇప్పటికీ ఆ గదిలోనే ఉన్నాడు. కొన్నేళ్ల తరువాత అంటెనాలకు వచ్చే ప్రసారాలే ఒక్కొక్కటిగా ఆపేశారు. ఎంత మంచు కురిసినా, పైపు ఎటు తిప్పినా రాయచూరు రాలేదు. ఆ సంగతి అతను దిగులుగా చెబుతుంటే గులాబ్‌బీ కొంగు సర్దుకుని, నా వైపు కన్ను గీటి, గొంతు తగ్గించింది.

"చూసినవా? వాళ్లకు తెలిసిపోయింది."