తప్పంతా బండిదే

ఆ మెకానిక్ మనుషుల్ని పల్లెత్తు మాట అనడు. బండ్లను మాత్రం నోటికొచ్చినట్టు తిడతాడు. కార్లయితే ఒసేయ్, వ్యాన్లయితే ఒరేయ్. షెడ్డు ముందు నుంచి పోయేవాళ్ళు లోపల ఏదో కుటుంబ కలహం జరుగుతోందనుకుని నడక తగ్గించి చెవులు రిక్కిస్తారు. తొంగి చూస్తే, నూనె మరకల చొక్కాతో ఒక లావుపాటి మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని, తెరిచిన బానెట్ ముందు నిలబడి, "నీళ్ళు తాగమని నీకు వేరే చెప్పాలా?" అని నిలదీస్తూ కనిపిస్తాడు. ఊరంతా ఆయన్ను తిట్ల మేస్త్రి అంటుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. బోర్డు మీద ఆ పేరే రాయిద్దామనుకున్నాడు గానీ, వాళ్ళావిడ ఒప్పుకోలేదు.

ఒకసారి ఒక పెద్దమనిషి పట్టపగలు కారును తిన్నగా తీసుకెళ్ళి తన ఇంటి గోడకే గుద్దాడు. షెడ్డుకొచ్చి, ఎలా చెప్పుకోవాలో తెలియక నసుగుతున్నాడు. మేస్త్రి ఆయన వంక చూడనైనా చూడలేదు. నేరుగా కారు ముందుకెళ్ళి, "ఇంతింత కళ్ళు పెట్టుకుని గోడ కనబడలేదా నీకు?" అన్నాడు. ఇంకోసారి ఒక డాక్టరు పెట్రోలు కారులో డీజిలు పోయించాడు. "ఎవరేం పోస్తే అది తాగేయడమేనా?" అని కారుకు అరగంట చీవాట్లు. డాక్టరు పక్కనే స్టూలు మీద కూర్చుని, కారు మీద జాలిపడుతూ విన్నాడట.

ఈ కథలన్నీ అదే ఊళ్ళో బట్టలు కుట్టే టైలరమ్మ విన్నదే తప్ప, ఆయన్ను ఎన్నడూ చూడలేదు. చూడాల్సిన రోజు వచ్చింది.

ఆవిడ యాభై రెండో ఏట డ్రైవింగు నేర్చుకుంది. నాలుగు నెలలుగా వారానికి రెండుసార్లు వాళ్ళక్కను మోకాళ్ళ వ్యాయామానికి తనే కారులో తీసుకెళ్తోంది. ఆ బుధవారం క్లినిక్ ముందు ఏటవాలు రోడ్డు మీద, చక్రం ఫుట్‌పాత్ అంచుకు ఆనేలా కారు ఆపింది. తిరిగొచ్చి తాళంచెవి పెడితే తిరగదు. స్టీరింగు కదలదు. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. పక్కన అక్క ఏమైంది, ఏమైంది అని అడుగుతోంది. టైలరమ్మకు కంగారు పుట్టింది. సంచిలోంచి తన కత్తెర తీసి, దాని మొనను తాళంచెవి తలలో ఉన్న రంధ్రంలో దూర్చి, బలమంతా పెట్టి మెలితిప్పింది. తాళంచెవి తిరగలేదు. దాని చుట్టూ ఉన్న లోహపు గూడు టప్పున పగిలింది.

కారును అక్కడే వదిలేసి, ఇంటికొచ్చి తాళం పట్టేసిందని మాత్రమే చెప్పింది. కత్తెర మాట ఎత్తలేదు. భర్త తిట్టలేదు. ఇరవై అయిదేళ్ళుగా కారు నడుపుతున్న మనిషి. "పోనీలే, ఇకనుంచి మీ అక్కను నేనే దింపుతాలే," అన్నాడంతే. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకు. లైసెన్సు తీసుకెళ్ళి గుండీల డబ్బాల కింద పెట్టేసింది.

మర్నాడు పొద్దున కారును లాగించుకుని ఇద్దరూ షెడ్డుకొచ్చారు. మేస్త్రి ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, స్టీరింగు కింద ప్లాస్టిక్ కవరు విప్పి, టార్చి వేసి చూశాడు. పగిలిన గూడు మీద కత్తెర మొన గీసిన గాటు తళతళలాడుతోంది. ఆయన చూశాడు. ఆయన చూడటం టైలరమ్మ చూసింది. తల దించుకుని తన చెప్పులకేసి చూస్తూ నిలబడింది.

"మా ఆవిడ గట్టిగా తిప్పి ఉంటుందండీ," అన్నాడు భర్త.

మేస్త్రి ఆయనకు జవాబు చెప్పకుండా కారు వైపు తిరిగాడు. "ఒసేయ్, పోదాం పద అంటే మెడ బిగదీసుకుని కూర్చుంటావా? పెద్దంతరం చిన్నంతరం లేదా?" ఆ ధోరణిలో కారు పుట్టిన ఫ్యాక్టరీ దాకా వెళ్ళి వచ్చి, గూడు లోపల ఎప్పుడో బీటవారిందని, ఎవరి చేతిలోనైనా పగిలేదేనని తేల్చాడు.

ఆ గూడును పట్టి ఉంచే బోల్టులకు తలలుండవు. దొంగలు విప్పకుండా, బిగించేటప్పుడే తలలు తెగిపోయేలా చేస్తారు. వాటిని డ్రిల్లుతో తొలిచి, గూడు ఊడదీసేసరికి గంట పట్టింది, నలభై తిట్లయ్యాయి. అలాంటిదే కొత్తది తెమ్మని మేస్త్రి పగిలిన గూడును గుడ్డలో చుట్టి భర్త చేతికిచ్చి విడిభాగాల కొట్టుకు పంపాడు. కత్తెర గాటును అంతకుముందే ఆకురాయితో నున్నగా రుద్దేశాడు.

భర్త వెళ్ళగానే టైలరమ్మ నోరు విప్పింది.

"అన్నా, అది బీటవారలేదు. నేనే కత్తెరతో పగలగొట్టాను."

"తెలుసు చెల్లెమ్మా. మంచి కత్తెరే."

మరి అబద్ధం ఎందుకు చెప్పావని అడిగింది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ చెప్పుకొచ్చాడు. ఆయన సొంత అక్క పద్దెనిమిదేళ్ళప్పుడు నాన్న కారును గేటుకు గీరిందట. నాన్న నలుగురిలో ఒక్క మాట అన్నాడు. ఆమె మళ్ళీ స్టీరింగు ముట్టలేదు.

"అప్పట్నుంచీ అక్క ఎక్కడికెళ్ళాలన్నా నాకే ఫోను. పని సగంలో వదిలేసి పోతాను. ఇప్పుడు ఈ చెల్లెలికీ డ్రైవరుగా చేరాలంటే నా వల్ల కాదమ్మా. బండికేం, తిడితే పడుంటుంది."

తాళం పట్టేశాక టైలరమ్మ నవ్వడం అదే మొదటిసారి. చక్రం దేనికైనా ఆనుకుంటే తాళం మీద బరువు పడుతుందని, ఎడమ చేత్తో స్టీరింగును అటూ ఇటూ కొంచెం ఆడిస్తూ కుడి చేత్తో మెల్లిగా తిప్పితే చాలని, బలం అక్కర్లేదని ఆయన చెప్పాడు. బిగుసుకున్న దారపు కండెతో తను రోజూ చేసే పనే కదా అనుకుంది ఆవిడ.

భర్త కొత్త గూడు తెచ్చాడు. పాత తాళాన్నే అందులోకి మార్చి, తీగలు తగిలించి, బోల్టులు వదులుగా పెట్టి, పరీక్ష చేయాలి కూర్చోమ్మా అన్నాడు మేస్త్రి. స్టీరింగు కావాలని బిగించి ఇచ్చాడు. ఆవిడ ఆడించింది, తిప్పింది. తెరుచుకుంది. పదిసార్లు చేయించాడు, పదిసార్లూ తెరుచుకుంది. అప్పుడు బోల్టుల తలలు తెగేదాకా బిగించాడు.

కవరు బిగించి, బ్యాటరీ తీగ తగిలించాక, భర్త అలవాటుగా డ్రైవరు వైపు తలుపు దగ్గరకు నడిచాడు.

"అటు కాదు సార్," అన్నాడు మేస్త్రి, మొహం బిగబట్టుకుని. "కొత్త గూడు. ఒక చేతికి అలవాటు పడాలి. రెండు చేతులు మారితే మళ్ళీ పట్టేస్తుంది. ఆర్నెల్లు మేడమే నడపాలి."

పాతికేళ్ళ అనుభవం ఉన్న భర్త ఇది విని, ఇందులో ఏదో శాస్త్రం ఉందన్నట్టు తలూపి, పక్క సీట్లో కూర్చున్నాడు.

టైలరమ్మ బండిని రోడ్డెక్కించి, ఇంటివైపు కాకుండా రెండో వైపుకు తిప్పింది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"మా అక్క దగ్గరికి. కిటికీ అద్దం దించుకోండి, గాలి బాగుంది."