ఎండబెట్టిన తూటాలు

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు భోజనాల బల్ల మీద నా పాత చీర పరిచి, కొత్తగా చేయించుకుంటున్న రైఫిల్ సామాన్లన్నీ దాని మీద పేర్చింది. గొట్టం ఒక చోటి నుంచి, వాల్‌నట్ కర్రతో చేసిన పిడి మరో చోటి నుంచి, ట్రిగ్గరు ఇంకో చోటి నుంచి నెలల తరబడి ఏరి తెప్పించుకుంది. బిగించి ఇవ్వడానికి, ఈ పరాయి దేశంలో మాకు దగ్గర్లోని పెన్రిత్ అనే ఊళ్లో మిస్త్రీ ఉన్నాడు. లైసెన్సు ఉంది, గురి చూసి కాల్చే క్లబ్బు ఉంది, ఇనప బీరువా ఉంది; పిల్లను తప్పు పట్టడానికేమీ లేదు. కానీ అది ఎంచుకున్న గొట్టం కొలతకు సరిపడే తూటాలు అంగళ్లలో మామూలుగా దొరకవట.

"తూటాలు దొరకని తుపాకి ఎందుకే నీకు?" అన్నాను.

"దట్స్ ద ఫన్, అవ్వా! కాల్చిన తూటాల ఎంప్టీ కేసులు త్రో చెయ్యం, మళ్లీ మందు నింపి రీలోడ్ చేస్తాం. నీ లాగే, నథింగ్ వేస్టెడ్!"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేయాల్సి వచ్చింది.

మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు తెలిసిన విద్యల్లా ఏదీ పారేయకపోవడమే. నా ఈడు వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు; చింతపండు పిప్పితో రాగిచెంబు తోమి, ఆ పిప్పిని మళ్లీ ఎండబెట్టుకున్న కాలం మనది. మదనపల్లె దగ్గర మా శెనక్కాయ చేలకు అడివిపందుల బెడద ఉండేది. చుట్టుపక్కల అందరి తుపాకులూ పన్నెండు బోరు కొలతవైతే, మా మామగారు ఎవరో రిటైరైన ఆఫీసరు దగ్గర మోజుపడి కొన్నది పదహారు బోరు. దాని తూటాలు టౌనులో ఒకే ఒక్క అంగడిలో దొరికేవి, అదీ మద్రాసు నుంచి వస్తేనే. అట్టతో చేసిన గొట్టాల్లో మందు కూరిన తూటాలవి. ఒక వానాకాలం మిద్దె కారి పెట్టెలోకి నీళ్లు దిగితే, ఉబ్బిన వాటిని మా ఆయన ఏరి, గుంత తీసి పూడ్చిపెట్టమని నాకిచ్చి చేనికి పోయాడు. నాకు ప్రాణం ఒప్పలేదు. మిద్దె మీద మిరపకాయల పక్కన మూడు దినాలు ఎండబెట్టి, కొంగుతో తుడిచి, మంచి వాటిలో కలిపి పెట్టేశాను.

ఆ ఏడాది కోతల ముందు ఒక తెల్లవారి పందులు చేలో పడ్డాయి. మా ఆయన కాల్చబోతే 'టక్' మందేగాని పేలలేదట. తూటా చెడిపోయిందనుకుని, తీసేద్దామని వెంటనే తుపాకిని కీలు దగ్గర మధ్యకు మడిచి తెరిచాడు. తడిసి ఎండిన మందు ఆలస్యంగా అంటుకుని, అప్పుడు పేలింది.

కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్లు నేనే ముద్దలు కలిపి కంచంలో పెడితే, ఎడమచేత్తో తిన్నాడు. అంగడాయన పాత సరుకు అంటగట్టాడని తిట్టిపోశాడు. ఆ మనిషి మా గడపలోకి వచ్చి, "మీ చెయ్యి చూస్తే కడుపు తరుక్కుపోతాంది, రెడ్డీ. నా బిడ్డ మీద ఒట్టు, నేనిచ్చింది కొత్త సరుకే" అని ఏడ్చాడు. తలుపు చాటున నిలబడి విన్నాను. నోరు తెరవలేదు. మా ఆయన కళ్లు మూసేదాకా తెరవలేదు.

ఆదివారం తెరిచాను. పిల్లకు సగం తెలుగే వచ్చు, అయినా మొత్తం అర్థమైంది. "తాతకి నెవర్ చెప్పావా?" అంది. లేదన్నాను. ఓదార్చలేదు, నాకూ అదే మంచిదనిపించింది. లేచి వెళ్లి ఒక ఎర్ర డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "డౌట్ వచ్చినవి ఇందులో, అవ్వా. పేలకపోతే గన్ ఓపెన్ చెయ్యకుండా వెయిట్ చేస్తాం. ప్రామిస్."

లోపల నాలుగైదు ఇత్తడి కేసులున్నాయి. పైనున్నదానికి మూతి దగ్గర వెంట్రుకంత చీలిక; మిగతాదంతా బంగారంలా మెరుస్తోంది. పారేయడానికంటూ ఒక చోటు మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఈ పిల్లలకు ఉంది, దానికి మూత కూడా ఉంది. ఇంత తెలిసీ, ఇంత పోగొట్టుకునీ, నా చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయి ఆ కేసును తీసి కొంగుతో తుడవబోయింది. పిల్ల నా వేళ్లలోంచి దాన్ని తీసుకుని, మళ్లీ లోపలేసి మూత పెట్టింది.