కృపావతి మట్టిపట్టీ వెయ్యనన్న రోజు

కృపావతికి కోపం పుట్టుకతో వచ్చిన సొత్తు. మలికిపురంలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో జడ లాగిన కుర్రాడి దవడ మీద టిఫిన్ క్యారియర్‌తో ఒక్కటిస్తే, వాడు వారం రోజులు గంజి తాగి బతికాడు. తండ్రి ఇస్సాకు బడిపంతులు, నోట్లో నాలుక లేని మనిషి. కూతురికి మెడిసిన్ సీటు రాకపోయేసరికి, "ఈ పిల్లని ఎక్కడైనా చల్లబరిచే చోట వెయ్యాలండీ" అని కనపడ్డవాళ్ళందరితోనూ అన్నాడు. అలా 1983లో ఆమె తాటిపాక దగ్గర కాలవగట్టు మీదున్న ప్రకృతి చికిత్సాలయంలో రెండేళ్ళ శిక్షణకి చేరింది.

చల్లబరచడమంటే అలాంటిలాంటి చల్లబరచడమా! తెల్లారకుండా లేచి చన్నీళ్ళ తొట్టిలో నడుం దాకా మునిగి కూర్చోవాలి. తిండంటే ఉప్పు లేని సొరకాయ, మొలకెత్తిన పెసలు, వారానికో ఉపవాసం. సఖినేటిపల్లి వైపు నుంచి చేపల బుట్టలు గట్టు మీదుగా వెళ్తుంటే ఆడపిల్లలందరూ కిటికీ దగ్గర చేరేవారు. "మాస్టారండీ, వాసన చూస్తే ఉపవాసం చెడుతుందాండీ?" అని చిట్టెమ్మ అనే గడుగ్గాయి ఒకరోజు అడిగేసింది. ఆశ్రమం నడిపే సత్యనారాయణమూర్తి గారు నవ్వకుండా, "వాసన వరకూ పరవాలేదమ్మా" అన్నారు.

ఎంత సణుక్కున్నా కృపావతికి ఆ విద్య చేతికొచ్చింది. పుట్టమట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, తడిగుడ్డలో పరిచి వాపు మీద వేస్తే, ఎంతటి వాపైనా తగ్గేది. "మట్టిని పిసకమన్నానమ్మా, కొట్టమనలేదు" అని మాస్టారు వేళాకోళం ఆడినా, ఆడవాళ్ళ విభాగంలో పట్టీ వెయ్యాలంటే అందరూ ఆమెనే పిలిచేవారు. ఆ గర్వం ఆమెకి లేకపోలేదు.

ఆ చేతుల కిందికే కామాక్షి వచ్చింది. మలికిపురంలో కొబ్బరి వ్యాపారం చేసే బాపిరాజు భార్య. పాతికేళ్ళుంటాయేమో. మొదటిసారి వచ్చినప్పుడు భుజం నల్లగా కమిలి ఉంది. గుమ్మం తగిలిందంది. రెండోసారి పక్కటెముకల మీద వాపు. మంచం మీంచి పడ్డానంది. రెండుసార్లూ జబ్బు పేరు మాత్రం ఒకటే, ఒంట్లో వేడి.

"మీ ఇంట్లో గుమ్మాలూ మంచాలూ మీమీద పగబట్టేయాండీ?" అని కృపావతి హాస్యమాడింది. కామాక్షి కూడా నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని, కళ్ళు మూసుకుంది. కృపావతి పట్టీ మార్చింది. నాలుగైదు రోజుల్లో మరక మాయమైంది. మాస్టారు మెచ్చుకుంటే ఈ పిల్ల పొంగిపోయింది కూడా.

మూడోసారి, ఎనభై నాలుగు వేసవిలో, కామాక్షిని అత్తగారు వీరాయమ్మ రిక్షాలోంచి దింపింది. ఆ మొహం చూసి కృపావతి చేతిలోని బక్కెట్టు కింద పెట్టి దగ్గరికొచ్చింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి చీలి నెత్తురు గడ్డకట్టింది. మెడ మీద అయిదు వేళ్ళూ అచ్చుపడి ఉన్నాయి. గుమ్మాలకి వేళ్ళుండవు కదా!

వీరాయమ్మ మాత్రం సంతకి వచ్చినంత నింపాదిగా ఉంది. "నీ చేతిలో మహత్యం ఉంది పిల్లా. కిందటిసారి మరకన్నది లేకుండా చేసేవు. పెద్దాసుపత్రికి తీసికెళ్తే దెబ్బలంటారు, పోలీసులంటారు, ఇంటి పరువు బజార్న పడుతుంది. వచ్చేవారం మా ఆడపడుచు గారింట్లో పెళ్ళి. ఈలోగా మొహం బాగుచేసి పంపు" అంది. మెచ్చుకోలుగా కృపావతి బుగ్గ కూడా గిల్లి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది.

ఎవరైనా చెంప పగలగొట్టినా అంత మండేది కాదు. ఇన్నాళ్ళూ తను వైద్యం చేస్తున్నాననుకుంది. కాదు, వాడు కొట్టడం, తను తుడవడం. పలక శుభ్రంగా ఉంటేనే కదా మళ్ళీ రాయబుద్ధయ్యేది! కృపావతి గోడకి తల ఆనించి ఏడ్చింది. తర్వాత నానిన మట్టి తొట్టిని కాలితో తన్నింది.

"నొప్పిగా ఉందమ్మా, తొందరగా మట్టెయ్యవా" అని కామాక్షి బతిమాలింది.

"వెయ్యనండి."

"అదేంటి?"

"ఈ మరకలు పోకూడదండి. వీటిని సర్కారు డాక్టరుగారు చూడాలి. దెబ్బలు చూస్తే ఆయన స్టేషనుకి కబురు పెట్టాలి, అది రూలు. అమలాపురం వెళ్దాం పదండి."

కామాక్షి వెనక్కి జరిగింది. "చంపేస్తారమ్మా నన్ను" అంది.

"ఇక్కడ మానిపోయి ఇంటికెళ్తే మాత్రం ఏం చేస్తారండీ? మెడ దాకా వచ్చేరు కదండీ!"

కామాక్షి మెడ తడుముకుంది. చాలాసేపటికి లేచి చెంగు తల మీదికి లాక్కుంది.

గేటు దగ్గర మాస్టారు అడ్డుపడ్డారు. చెడ్డవాడని అనలేం గానీ, పిరికితనం కూడా ఒక జబ్బే, దానికి ఆయన దగ్గర పట్టీ లేదు. "మనం ఒంటిని చూస్తాం గానీ ఇంటిని చూడం కృపావతీ. గేటు దాటితే నీ చదువు ఇక్కడితో సరి" అన్నారు. "ఆయ్, అలాగేనండి" అని కృపావతి దణ్ణం పెట్టి, కామాక్షిని వెంటబెట్టుకుని దాటింది. మాస్టారు వెంటనే సైకిలు మీద మనిషిని మలికిపురం పంపారు.

తాటిపాక సెంటర్లో బస్సు ఎంతకీ రాలేదు. అది వచ్చేలోపే బాపిరాజు బుల్లెట్ వచ్చింది. బండి ఆపీ ఆపకుండా దిగి, మాటా పలుకూ లేకుండా కామాక్షి జుట్టు పట్టుకుని నేలకేసి కొట్టాడు. చెప్పుకాలితో డొక్కలో తన్నాడు. ఆమె అరవలేదు, ముడుచుకుంది. ఆ ముడుచుకోవడంలో ఎంత అలవాటుందో కృపావతి చూసింది. చుట్టూ ఎంత జనమనుకున్నారు! కిళ్ళీకొట్టు వాళ్ళు, కొబ్బరికాయల లారీ వాళ్ళు. అందరూ చూశారు. "మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకండీ" అన్నారు. ఏం మనుషులో!

కృపావతి అతని చేతిని పళ్ళతో పట్టుకుంది. నోట్లోకి నెత్తురొచ్చేదాకా వదల్లేదు. అతను కేక పెట్టి రెండో చేత్తో ఆమె ముక్కు మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. కిందపడ్డాక కూడా నోటి మీద తన్నాడు. "ఊరవతల పేటలోంచి వచ్చి నా పెళ్ళాన్ని లేవదీసుకుపోతావా!" అంటూ మళ్ళీ కాలెత్తాడు.

అప్పుడు కదిలారు జనం. పెళ్ళాన్ని కొడితే ఇంటి గొడవట, పరాయి పిల్లని కొడితే తప్పట. మన న్యాయం అలా ఏడ్చింది! లారీ కూలీ ఎర్రయ్య కాయలొలిచే గునపం పట్టుకుని అడ్డంగా నిలబడి, "ఆ కాలు కిందెట్టండి రాజుగారూ, ఇంక చాలు. అది పంతులుగారి పిల్ల" అన్నాడు. నలుగురు బాపిరాజుని ఒడిసిపట్టుకున్నారు. అంతలో బస్సొచ్చింది. ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఎక్కారు. కండక్టరు వాళ్ళ మొహాలు చూసి ముందు సీటు ఖాళీ చేయించాడు.

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరు కామాక్షి వంక చూసి, "ఎవరు కొట్టేరమ్మా?" అన్నాడు.

కామాక్షి నేలచూపులు చూసింది. "ఎవరూ కొట్టలేదండి. నూతి దగ్గర జారిపడ్డాను" అంది.

కృపావతికి చదువు పోయింది, ముక్కు పోయింది, ముందు పళ్ళు రెండు కదులుతున్నాయి. ఇదంతా ఈ మాట కోసమా! ఆమెని పట్టుకుని కుదిపేయాలనిపించింది. కానీ జుట్టు పట్టుకుంటే ముడుచుకుపోయిన ఆ ఒళ్ళు గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకుంది.

"మరి నువ్వమ్మా?" అన్నాడు డాక్టరు.

"నేను జారిపడలేదండి." మాటతోపాటు నెత్తురు కూడా వచ్చింది. "మలికిపురం బాపిరాజు గారు నన్ను కొట్టేరండి. తాటిపాక సెంటరంతా చూసింది. స్టేషనుకి కబురెట్టండి, నేను చెప్తాను."

"భయం లేదూ?" అన్నాడాయన.

"ఉందండి, బోలెడు భయంగా ఉంది" అని ఏడుస్తూనే చెప్పింది కృపావతి. డాక్టరు గుమస్తాని పిలిచి స్టేషనుకి పంపాడు.

కామాక్షి ఆ పిల్ల విరిగిన ముక్కు వంకే చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి లేచి డాక్టరు బల్ల దగ్గరికి నడిచింది.

"డాక్టరుగారండీ, నూతి దగ్గర కాదండి. నన్నూ ఆయనే కొట్టేరు."

"ఇవాళేనా?"

"పెళ్ళయిన కాణ్ణించీనండి. పైకి కనపడవు, ఈ పిల్ల మానిపించేసింది." చేత్తో ఎడమ పక్కన ఎముకలు తడుముకుంది. "లోపల మాత్రం అలాగే ఉందండి, ఊపిరి తీస్తే కలుక్కుమంటాది. లోపల ఫోటో తీస్తారంట కదండీ, తీయించండి."

సాయంత్రానికి ఎక్స్‌రే వచ్చింది. డాక్టరు దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. మూడు పక్కటెముకలు ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుని ఉన్నాయి. మట్టిపట్టీ సరిగ్గా ఆ చోటే వేసి, చల్లగా ఉందాండీ అని తను అడిగిన సంగతి కృపావతికి గుర్తొచ్చింది. కామాక్షి ఆమె చెయ్యి పట్టుకుని, "గుమ్మాలూ మంచాలూ పగబట్టేయన్నావే, నవ్వొచ్చిందమ్మా ఆరోజు. నవ్వితే నొప్పెట్టి ఆగేను" అంది.